ఏప్రిల్ నెల స్వెట్టరు

హైదరాబాదులో చలి డిసెంబరులో మొదలవుతుందని అనుకునేవాళ్లు అమీర్‌పేటలో ఏనాడూ అద్దెకున్నవాళ్లు కారు. అక్కడ చలి ఉద్యోగంతో పాటు వస్తుంది. నిన్నటిదాకా మైత్రీవనం వెనక సందుల కోచింగ్ సెంటర్లలో చెమటలు కక్కుతూ జావా నేర్చుకున్న పిల్ల, ఆఫరు రాగానే హైటెక్ సిటీలో ఏసీ గాలి కింద కూర్చుని, సాయంత్రం ముక్కు ఎగబీలుస్తూ హాస్టలుకు తిరిగొస్తుంది. బ్యాగు కూడా దించకుండా వంటగది గుమ్మంలో నిలబడి, "ఆంటీ, నాకూ ఒక స్వెట్టరు" అంటుంది.

ఆ ఆంటీ పేరు జీవమణి. ఆ లేడీస్ హాస్టల్లో వంట ఆమెదే, వార్డెన్ పెత్తనమూ ఆమెదే. యాభై దాటింది. పొట్టి మనిషి, గట్టి గొంతు. మెదక్‌లో క్రైస్తవ మిషన్ హాస్టల్లో ఉండి చదువుకున్న రోజుల్లో స్వరాజ్యం టీచరు దగ్గర అల్లిక నేర్చుకుంది. చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయింది గాని సూదులు ఆగలేదు. పిల్లలు లేరు. హాస్టలు పిల్లలే పిల్లలు. వాళ్లను తిట్టడానికి ఒక నోరు, వాళ్లకు అల్లడానికి రెండు చేతులు దేవుడు ఇచ్చాడని చెప్పుకునేది.

ఆమెకొక పట్టుదల ఉండేది. మచ్చు లేకుండా స్వెట్టరు మొదలుపెట్టదు. కొత్త ఊలు రాగానే ముందు అరచేతిలో పట్టేంత చదరపు ముక్క అల్లేది. దాన్ని గోరువెచ్చని నీళ్లలో ఉతికి, తువ్వాల్లో పెట్టి ఒత్తి, నీడలో పరిచి ఆరబెట్టేది. ఆరాక స్టీలు స్కేలు ఆనించి అంగుళానికి ఎన్ని కుట్లు వచ్చాయో లెక్కపెట్టేది. అంతా అయ్యాకే అసలు స్వెట్టరుకు సూది మీద కుట్లు ఎక్కించేది.

భీమవరం నుంచి వచ్చిన హైందవి అనే పిల్ల మొదటిసారి ఆ ముక్కను చూసి, "ఏంటాంటీ ఇది, రుమాలా?" అని నవ్వింది.

"మచ్చు. ఉతికితే ఈ ఊలు సాగుతదో ముడుచుకుంటదో ముక్కనే చెప్తది. ముక్కను అడగకుంట పెద్దది మొదలువెడితే, ఆఖరికి నువ్వు తొడుక్కోవు, మీ నాయినకు పంపాల్సొస్తది."

"రెండ్రోజులు వేస్టు కదాంటీ!"

"నీ డాట్ నెట్ పరీక్షకు నేను వచ్చి చెప్పిన్నా? నడువు, అన్నం చల్లారుతది."

ఇంతమందికి అల్లిన జీవమణి కట్టుకున్నవాడికి మాత్రం ఒక్క స్వెట్టరూ అల్లలేదు. తప్పు ఆమెది కాదు. భర్త యేసురాజు బోర్డులు రాసే పెయింటరు. హాస్టలు గేటు పక్క గదిలోనే వాళ్లిద్దరి కాపురం. కోబాల్ నుంచి ఒరాకిల్ దాకా అమీర్‌పేట గోడల మీద వచ్చిన ప్రతి చదువునూ, ఒక్కటీ చదవకుండానే, నిచ్చెనెక్కి ఎండలో రాశాడు. ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గింది గాని ఒంట్లో వేడి తగ్గలేదు. "నాకు చలేందే? నా మీద గుడ్డు పగలగొడితే ఆమ్లెట్ అయితది" అనేవాడు.

అలాంటివాడికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. పాదాల్లో వాపు, తిన్నది ఇమడకపోవడం, చివరికి ఊపిరి అందకపోవడం. ఆసుపత్రిలో చేర్చాక డాక్టర్లు తేల్చి చెప్పారు, బతికినన్నాళ్లూ మిషన్ మీద రక్తం శుభ్రం చేయించుకోవాలని. తన కిడ్నీ ఇస్తానని జీవమణి ముందుకొస్తే పరీక్షలు చేసి కుదరదన్నారు. ఆ మాట విన్న మర్నాడు ఆమె ఎప్పటిలాగే మూడు పూటలా వండింది. ఎవరినీ తిట్టలేదని పిల్లలు భయపడ్డారు.

అప్పటినుంచి, ఆదివారం తప్పించి, రోజు విడిచి రోజు పంజాగుట్ట ప్రయాణం. పొద్దున టిఫిన్లు పెట్టేసి, షేరాటోలో ఇద్దరూ వెళ్లేవారు. ఫ్లైఓవరు కోసం తవ్విన రోడ్డు మీద ఆటో ఎగిరిపడినప్పుడల్లా ఆమె ఆయన ఎడమచేతిని రెండు చేతులతో పట్టుకునేది. సూదులు గుచ్చడానికి వీలుగా చిన్న ఆపరేషన్ చేసి రక్తనాళాన్ని పెద్దది చేసిన చేయి అది. దాన్ని బరువు తగలకుండా, బట్ట బిగుసుకోకుండా చూసుకోమని సిస్టర్ భూలక్ష్మి మొదటిరోజే చెప్పింది. ఆ గదిలో మిషన్లన్నీ చూసేది ఆవిడే.

మిషన్ల కోసం ఆ గది ఎప్పుడూ చల్లగా ఉండేది. దానికి తోడు మనిషి రక్తం గొట్టాల వెంట బయటికి వెళ్లి, తిరిగి మళ్లీ లోపలికి రావాలి. గంట గడిచేసరికి యేసురాజుకు దవడలు కొట్టుకునేవి. దుప్పటి కప్పితే ఎడమచేయి మాత్రం బయటే ఉండాలి, సూదులు కనపడాలి. భుజం దగ్గర దుప్పటి నిలిచేది కాదు. బయట రోడ్డు మీద తారు కరుగుతుంటే, లోపల జీవమణి భర్త పాదాలు తన ఒళ్లో పెట్టుకుని రుద్దుతూ కూర్చునేది. ఎంత రుద్దినా వేడెక్కేవి కావు.

ఒకరోజు ఆయన వణుకుతూనే, "మణీ, నాకొక స్వెట్టర్ అల్లరాదే" అన్నాడు.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మనిషి ఆమెను ఒక వస్తువు అడగడం అదే మొదలు. ఆమెకు దుఃఖమూ వచ్చింది, సంతోషమూ వచ్చింది. కిడ్నీ ఇవ్వలేకపోయింది. స్వెట్టరు ఇవ్వగలదు. ఇది తన చేతిలో పని, ఏ డాక్టరూ అడ్డం చెప్పలేని పని. ఆ మధ్యాహ్నమే సుల్తాన్ బజారుకు పోయింది. ఏప్రిల్ ఎండల్లో ఊలు అడిగితే కొట్టతను ఎగాదిగా చూసి, అటక మీద నుంచి మూటలు దించి దుమ్ము దులిపాడు.

రంగు యేసురాజే ముందుగా చెప్పి పంపాడు. "ముదురాకుపచ్చ తే. తెల్లారి చూసినా, పొద్దుగూకినంక చూసినా, దూరంకెల్లి కనవడాలె." బోర్డు గురించి మాట్లాడుతున్నాడో స్వెట్టరు గురించి మాట్లాడుతున్నాడో ఆయనకే తెలియాలి.

మచ్చు ముక్క చక్కగా వచ్చింది. ఉతికాక కొంచెం సాగింది. సాగుడు ఎంతో లెక్కలోకి తీసుకుంది. ఎడమచేతికి పొడుగునా గుండీలు పెట్టాలని, సూదులు గుచ్చేటప్పుడు ఆ చేతిని విప్పేసి మిగతా ఒళ్లు వెచ్చగా ఉంచాలని ఉపాయం పన్నింది. అలాంటి స్వెట్టరు ఎవరికీ ఎప్పుడూ అల్లలేదు. పప్పు పోపు మాడినా గుర్తించనంతగా ఆ గుండీల ఆలోచనలో పడిపోయింది.

సోమవారం పొద్దున, ఆసుపత్రికి బయల్దేరే ముందు, ఆయన్ను నిలబెట్టి టేపు చుట్టింది. చుట్టి మళ్లీ చూసింది. నెల కిందట వదులైన చొక్కాలు బిగించి కుట్టడానికి తీసిన కొలత ఆమెకు గుర్తే. ఇప్పుడు పొట్ట దగ్గర రెండంగుళాలు, ఛాతీ దగ్గర అంగుళం పెరిగాడు. బుగ్గలు కూడా కాస్త నిండినట్టు కనిపించాయి.

"ఒళ్లు చేసినవయ్యా!" అంది.

యేసురాజు కిటికీ వైపు తిరిగి, "అయితదిలే" అన్నాడు.

సంతోషం ఆమెను నిలవనివ్వలేదు. వచ్చిన ఆదివారం చర్చిలో, సాక్ష్యాలు చెప్పేవాళ్లు ఎవరైనా ఉంటే లేవమని పాస్టరు గారు అడగ్గానే లేచి నిలబడింది. దేవుడు చేసిన మేలును సంఘం ముందు చెప్పకుండా దాచుకోకూడదన్నది వాళ్ల ఆనవాయితీ. ఉద్యోగమొస్తే చెబుతారు, జ్వరం తగ్గితే చెబుతారు. జీవమణి అయితే చేతిసంచిలోంచి టేపు తీసి మరీ చెప్పింది. "నా పెనిమిటి ఎండిపోయిండని అందరన్నరు. ప్రభువు ఆయన ఎముకల మీద కండ వెట్టిండు. నేను కొలిచిన. గీ చేతులతోని కొలిచిన." సంఘమంతా ఒక్క గొంతుతో స్తోత్రం చెప్పింది. మగవాళ్ల వైపు బెంచీలో యేసురాజు తల వంచుకుని కూర్చున్నాడు. భక్తి అనుకుంది.

ఆ సంబరంలోనే ఆయన ఛాతీకి సరిపడా కుట్లు ఎక్కించి, ఒక కుట్టు సీదా, ఒక కుట్టు ఉల్టాగా బార్డరు అల్లడం మొదలుపెట్టింది. మర్నాడు మిషన్ గదికి ఆ అల్లికను కూడా తెచ్చుకుంది. భూలక్ష్మి సూదులు సర్దుతుంటే ఆపుకోలేక చెప్పేసింది. "సిస్టర్, మా ఆయన రెండంగుళాలు ఒళ్లు చేసిండు. చూసిన్రా?"

భూలక్ష్మి ఆమె మొహంలోకి చూసింది. చెడ్డ మనిషి కాదు. రోజూ ఇలాంటివి చెప్పీ చెప్పీ అలిసిపోయిన మనిషి.

"అమ్మా, గది కండ కాదు. నీళ్లు."

"నీళ్లేంది?"

"లోపలికి పోయిన నీళ్లు బయటికి పోతలెవ్వు గదా. ఒళ్లంత గవే నిలుస్తున్నయ్. ఇయ్యాల మిషన్ అయినంక మళ్ల కొలువు. నీకే తెలుస్తది." గొంతు తగ్గించి ఇంకో మాట కూడా అంది. "నీళ్లు తీసినంక మిగిలే బరువే మనిషి అసలు బరువు. దాన్ని ప్రతి నెల తగ్గించి రాస్తున్నం. కండ తగ్గుతుంది. పైకి నీళ్లు కప్పుతున్నయ్, గందుకే తెలుస్తలేదు. అసలు ఇన్ని నీళ్లు ఎట్ల తాగుతుండో ఆయన్నే అడుగు."

యేసురాజు కళ్లు మూసుకున్నాడు. నిద్రపోలేదని ఆమెకు తెలుసు.

మిషన్ ఆగాక కొలిచింది. పెరిగిన అంగుళాలు లేవు. నెల కిందటి కొలత కూడా లేదు. టేపు అంతకంటే లోపలికి పోయి ఆగింది.

తిరుగు ప్రయాణంలో ఆటోలో వేరెవరూ లేరు. "నీళ్లు తాగుతున్నవా?" అని అడిగింది.

"తాగిన. హాస్టల్ కూలర్ కాడ, నువ్వు చూడనప్పుడు. నోరంత పిడచకట్టుక పోతున్నదే. నిచ్చెన మీద ఎండల నిలవడ్డప్పుడు సుత గింత దాహం కాలే."

"గది కండ కాదని నీకు ఎరుకేనా?"

ఆయన కట్టు కట్టిన చేతిని ఒళ్లోకి లాక్కున్నాడు.

"చర్చిల గంతమంది ముందట నిలవడి చెప్తుంటి గదయ్యా! ఒక్క మాటనకపోతివి."

"ఎట్లంటనే? గా పొద్దు నీ మొఖం చూస్కున్నవా? నా రోగం వచ్చినకాడికెల్లి నువ్వు గట్ల నవ్వలే. అది సుత నేనే తీసెయ్యాల్నా?"

జీవమణికి తిట్టాలనిపించింది. నాలుక చివరిదాకా వచ్చిన తిట్టు అక్కడే ఆగిపోయింది. అతని మీద కోపం, తన మీద కోపం, టేపు మీద కోపం, ఇన్ని కోపాల్లో ఏది ముందు పడాలో తేలక పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా రోడ్డు గుంటలు చూస్తూ కూర్చుంది.

ఇక్కడినుంచి ఆ స్వెట్టరు కష్టాలు మొదలయ్యాయి. పొద్దుటి కొలతకు అల్లితే మధ్యాహ్నానికి గోనెసంచిలా వేలాడుతుంది, చలంతా లోపలే తిరుగుతుంది. మిషన్ దిగాక ఉండే కొలతకు అల్లితే పొద్దున తొడగడానికే రాదు, ఊపిరాడనివ్వదు. చలి పుట్టేదేమో ఈ రెండు కొలతల మధ్యలో, ఆయన గంటగంటకూ తగ్గుతూ పోయే వేళ. ముక్క తన పని తాను చేసింది. అంగుళానికి ఎన్ని కుట్లో చెప్పింది. మనిషి ఎన్ని అంగుళాలో చెప్పడం ముక్క పని కాదు కదా.

పెద్దదిగా మొదలుపెట్టి విప్పేసింది. చిన్నదిగా మొదలుపెట్టి విప్పేసింది. నడిమధ్య కొలతకు బార్డరు పూర్తిచేసి, ఇంక ఆగదనుకుంటున్న వారంలోనే ఆయన మరింత తగ్గాడు. అదీ విప్పింది. విప్పిన కొద్దీ ఊలు నూగు లేచి, ముదురాకుపచ్చ కాస్తా వెలిసినట్టు తయారైంది. మచ్చు లేకుండా సూది మీద కుట్టు ఎక్కించని మనిషి తానే రోజుకొకటి మొదలుపెట్టి రోజుకొకటి విప్పుతుంటే, హాస్టలు పిల్లలు వంటగది గుమ్మం దగ్గర నిలబడి చూసి వెళ్లిపోయేవారు.

హైందవి మాత్రం ఉండబట్టలేక అడిగింది. "ఆంటీ, ఫ్రీ సైజులో అల్లేయొచ్చు కదా? అంకుల్‌కి ఎలా ఉన్నా సరిపోతుంది."

"ఫ్రీ సైజ్ ఎవరికి అల్లుతరు తెల్సా? మనిషెవరో ఎరుక లేనోళ్లకు అల్లుతరు!" అని అరిచింది జీవమణి. అరిచి, కత్తిపీట ముందు కూలబడి ఏడ్చింది. నెపం వేయడానికి ఎదురుగా ఉల్లిపాయలు కూడా లేవు, బెండకాయలున్నాయి. హైందవి పక్కనే కూర్చుని ఆమె వీపు మీద చేయి వేసింది.

చర్చిలో ఇంకో బాధ. పాస్టరమ్మ వచ్చి, స్త్రీల కూటంలో ఆ సాక్ష్యం మళ్లీ ఒకసారి చెప్పమంది. బాగా కదిలించిందట. జీవమణి వచ్చే వారం చూద్దామంది. ఇచ్చిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకునే పద్ధతి ఏ సంఘంలోనూ లేదు. దేవుడు ఇచ్చింది నీళ్లని చెప్పాలా? చూసుకోకుండా తొందరపడి దేవుడి పేరు వాడుకున్నానని చెప్పాలా? ప్రార్థనకు మోకరిస్తే మాటలు వచ్చేవి కావు. 'నువ్వు చూస్తనే ఉన్నవు గదా' అనుకుని లేచేది. ఆ తర్వాత ఆదివారాలు వెనక బెంచీలో కూర్చుని, ముగింపు పాట కాకముందే బయటికొచ్చేసేది.

వేసవి పోయి వానలు వచ్చాయి. యేసురాజు దొంగచాటుగా నీళ్లు తాగడం మానేశాడు. భయపడి కాదు, ఆమె కూలరు దగ్గర స్టూలు వేసుకుని కాపలా కూర్చోవడం చూడలేక. దాంతో వాపు తగ్గింది. వాపు తగ్గేసరికి అసలు మనిషి బయటపడ్డాడు. మెడ సన్నబడింది, చొక్కా భుజాలు మోచేతుల వైపు జారాయి. ఇప్పుడు పొద్దుటి కొలతకూ మధ్యాహ్నం కొలతకూ పెద్ద తేడా లేదు. కొలత కుదిరిందని ఆమె సంతోషించాలి. ఆ కొలతకు కుట్లు ఎక్కించబోతే చేతులు రాలేదు. అది పదేళ్ల పిల్లవాడి స్వెట్టరుకు కాస్త ఎక్కువ, అంతే. దాన్ని అల్లి తొడిగిందంటే ఆయన ఇంతేనని తన చేత్తో తానే ఒప్పుకున్నట్టు.

అందుకని సంచీలో ఊలు, సూదులు, టేపు పెట్టుకుని వెళ్లేది, తీయకుండానే తెచ్చేది. ఆయన వణికేవాడు. ఆమె పాదాలు రుద్దేది.

ఒకనాడు మిషన్ ఆగి, సూదులు తీసి, దూది పెట్టి కట్టాక యేసురాజు లేచి మంచం అంచున కూర్చున్నాడు. పళ్లు ఇంకా టకటకా కొట్టుకుంటున్నాయి. "స్వెట్టర్ ఏమాయెనే?" అన్నాడు.

"కొలత కుదుర్తలే."

"గిప్పుడు తీస్కో. మిషన్ అయినంక ఉండేదే అసలు కొలత అన్నది గదా సిస్టరమ్మ."

చొక్కా గుండీలు తానే విప్పాడు. ఆమె సంచీలోంచి టేపు తీసి వంగి ఆయన వీపు వెనకనుంచి చుట్టింది. చేతి వేళ్లకు పక్కటెముకలు ఒక్కొక్కటే తగిలాయి. టేపు రెండు చివరలూ ముందుకు తెచ్చి కలపబోతుండగా, ఆయన భుజాలు విరిచి, గుండెల నిండా ఊపిరి పీల్చి, ఛాతీ పొంగించి బిగబట్టాడు. పోలీసు ఉద్యోగానికి వరసలో నిలబడ్డ కుర్రాడిలా ఎదురు గోడ కేసి చూస్తున్నాడు.

కొలత తీసేటప్పుడు ఎవరైనా ఊపిరి బిగపట్టితే జీవమణి వీపు మీద ఒక్కటిచ్చి, "వదులు, గాలికి కాదు నేను అల్లేది" అనేది. ఇప్పుడు అనలేదు. ఆయన మెడ నరాలు లేచాయి. పెదవులు వణుకుతున్నాయి. పక్క మంచం దగ్గర భూలక్ష్మి చూసి, చూడనట్టు అటు తిరిగి మిషన్ తుడవసాగింది. టేపు మీద బొటనవేలు ఆనిన చోట అంకె కనిపిస్తూనే ఉంది. అంత ఊపిరి పట్టినా ఆయన ముప్పై దాకానే రాగలిగాడు.

"ఆ, వచ్చిందయ్యా. ఇగ వదులు," అంది.

ఊపిరి ఒక్కసారిగా వదిలి, దగ్గి, దగ్గు ఆగాక, "ఎంత?" అని అడిగాడు.

"ముప్పై ఆరు."

నిచ్చెనలెక్కి బోర్డులు రాసే రోజుల్లో ఆయన చొక్కాల కొలత అది. యేసురాజు ఆమె బొటనవేలి వైపు ఒకసారి చూశాడు. తర్వాత ఆమె మొహంలోకి చూశాడు.

"గట్లనే ఎక్కియ్యి," అన్నాడు.

ఆమె ఆయనకు చొక్కా తొడిగి, దుప్పటి భుజాల చుట్టూ కప్పి, పక్కనే స్టూలు మీద కూర్చుంది. సంచీలోంచి ఊలు తీసింది. ముప్పై ఆరు అంగుళాలకు ఎన్ని కుట్లు కావాలో లెక్క వేసుకుని, ఆయనకు వినపడేలా పైకి లెక్కపెడుతూ, ఒక్కొక్క కుట్టే సూది మీదికి ఎక్కించసాగింది.